సంపూర్ణ విరామ చక్రం

రాష్ట్ర యాంత్రిక బాహు పరిశోధనా సంస్థలో పదకొండేళ్లుగా ఒక్క బాహువూ కదల్లేదు.

అందుకు సంస్థని తప్పు పట్టడానికి లేదు. బాహువు కదలడానికి ముందు జరగవలసిన పనులు బోలెడన్ని ఉంటాయి. విశాఖపట్నం శివార్లలో గుట్టమీద భవనం కట్టాలి. భవనానికి ప్రహరీ కట్టాలి. ప్రహరీకి ఏ రంగు వెయ్యాలో తేల్చాలి. తేల్చేలోగా ప్రహరీ కూలితే మళ్లీ కట్టాలి. ఇవన్నీ సక్రమంగా జరుగుతున్న రోజుల్లో వకుళ అక్కడ డిజైన్ ఇంజినీరుగా చేరింది. ఆమెకి కిటికీ పక్కన బల్ల ఇచ్చి, కంగారుపడి ఏమీ చెయ్యవద్దని పెద్దవాళ్లు ఆప్యాయంగా హెచ్చరించారు.

వకుళ ఆ మాట వినలేదు. కుర్రతనం. చేరిన మూడో నెలలోనే అనకాపల్లి అవతల ఒక ఊరికి వెళ్లి, అక్కడ బెల్లం వండే పాక దగ్గర సన్యాసమ్మని కలిసింది. సన్యాసమ్మ ఆ ఊరి బెల్లం తయారీదారుల సంఘానికి అధ్యక్షురాలు. అధ్యక్షురాలంటే కుర్చీలో కూర్చునే మనిషి కాదు. పెనం దగ్గర నిలబడి, కుతకుత ఉడుకుతున్న పాకాన్ని బారెడు గరిటెతో ముంచి, పైకెత్తి, అచ్చుల తొట్టిలోకి ఒంపేది ఆవిడే. మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"సూడమ్మా, నా బుజం ఇంక లెగట్లేదు" అంది సన్యాసమ్మ. "కుర్రోళ్లెవులూ పెనం కాడికి రామంతన్నారు. ఆళ్ల తప్పేటుంది? ఏడి ఏడి పాకం మీద పడితే ఆళ్లకీ ఒల్లు కాల్తాది గదా. సెరుకు కోతకొచ్చీలోగా ఓ ఇనప సెయ్యి సేయించీయమ్మా. నేదంటే ఈ ఏడు పొయ్యి ఎలిగించను. సెరుకు సేలోనే ఎండిపోవాల."

చేయిస్తానని వకుళ మాట ఇచ్చేసింది. సంస్థ తరఫున ఎవరైనా ఎవరికైనా మాట ఇవ్వడం అదే మొదలు.

ముందు గేర్లతోనే చేసింది. గేరు చక్రాల పళ్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ లేకపోతే అవి తిరగవు. ఖాళీ ఉంటే, చెయ్యి పైనుంచి కిందికి మళ్లిన ప్రతిసారీ చిన్న కుదుపు తప్పదు. ఆ చిన్న కుదుపుకే గరిటెలోని పాకం చింది నేలపాలైంది. పైగా చిందిన పాకం గేర్లలోకి దిగింది. మర్నాటికి గేర్‌బాక్సు మొత్తం ఒకే పాకం ఉండ అయి కూర్చుంది. దాన్ని సుత్తితో పగలగొట్టాల్సి వచ్చింది. గేర్లు పాడైనా ఉండ మాత్రం చాలా బాగుందని వర్క్‌షాపువాళ్లు చెప్పారు.

అప్పుడు వకుళ గేర్లు మానేసి కామ్ పెట్టింది. కామ్ అంటే పని కోసం కావాలనే వంకరగా కోసిన చక్రం. మోటారు దాన్ని తిప్పుతుంటుంది. యంత్రపు చెయ్యి దాని అంచుమీద ఆనుకుని ఉంటుంది. అంచు ఉబ్బినచోట చెయ్యి లేస్తుంది, తగ్గినచోట దిగుతుంది, ఇరుసునుంచి దూరం మారనిచోట ఊరికే ఆగుతుంది. పళ్లు లేవు కనక కుదుపు లేదు, పాకం ఇరుక్కునే సందూ లేదు. గరిటె మునగడం, నిండేదాకా ఆగడం, లేవడం, ఒంపడం, ఇవన్నీ ఆ అంచు వంపులోనే రాసిపెట్టి ఉంటాయి. తను గీసిన వంపుని చూసి వకుళ తనే మురిసిపోయింది. ఆ మురిపెంలో దాన్ని సమీక్షా సంఘం ముందుకి తీసుకెళ్లింది.

సంఘానికి డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు అధ్యక్షులు. ఆయన సిద్ధాంతాలంటే చెవి కోసుకుంటారు. ఆర్థికాధికారి భుజంగరావుగారు ఆయనకి కుడిపక్క, భద్రతాధికారి తాతారావుగారు ఎడమపక్క కూర్చున్నారు. వకుళ చెబుతున్నంతసేపూ ముగ్గురూ జీడిపప్పు తింటున్నారు. "ఇక్కడ విరామం" అన్న మాట వినగానే పరాంకుశంగారి చెయ్యి ప్లేటు మీద ఆగిపోయింది.

"విరామమా? అంటే మోటారు ఆగుతుందా?"

"ఆగదు సర్. మోటారు తిరుగుతూనే ఉంటుంది. చక్రమూ తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి మాత్రం కదలదు."

"కరెంటు ఖర్చవుతుందా?" అన్నారు భుజంగరావుగారు.

"అవుతుందండీ."

"చప్పుడు వస్తుందా?"

"కొద్దిగా."

"చూసేవాడికి పని జరుగుతున్నట్టే ఉంటుంది?"

"ఉంటుందండీ, కానీ అది గరిటె నిండేదాకానే..."

భుజంగరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మేడమ్, నా సర్వీసంతా యంత్రాలకి బిల్లులు పాస్ చేశాను. ఒక యంత్రం నాకు అర్థం కావడం మాత్రం ఇదే మొదటిసారి" అన్నారు గద్గదంగా.

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. ఆయన లేస్తే ఉపన్యాసమేనని అందరికీ తెలుసు. "గేరు అనేది విచక్షణ లేని పరికరం. ఒకటి తిరిగితే రెండోది తిరిగి తీరాల్సిందే. పై నుంచి కదలిక వచ్చిందో లేదో, కింద పని జరిగిపోతుంది! పరిశీలన లేదు, పునఃపరిశీలన లేదు. ఇదేమి వ్యవస్థ? కామ్ అలా కాదు. అది కదలికని స్వీకరిస్తుంది, ఆలోచిస్తుంది, తగిన సమయంలో తగు చర్య తీసుకుంటుంది. వకుళగారూ, మీరు యంత్రాన్ని కనిపెట్టలేదు. పరిపాలనని లోహంలో పోతపోశారు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'సంస్థ ప్రాంగణమందు గేర్ల వినియోగము ఇందుమూలముగా నిషేధించడమైనది.'

నిషేధమన్నాక అమలు ఉండాలి కదా. గోడగడియారాల్లో గేర్లు ఉన్నాయని వాటిని స్టోరుకి పంపారు. దాంతో భోజన విరామం ఎప్పుడు ముగుస్తుందో చెప్పే ఆధారం లేక అది ముగియడం మానేసింది. డైరెక్టరుగారి కారుని గేటు దగ్గరే న్యూట్రల్‌లో పెట్టి నలుగురు అటెండర్లు గుట్టమీదికి తోసేవారు. సాయంత్రం దిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వర్క్‌షాపులో మిషన్లన్నిటికీ లోపల గేర్లే. అవి లేకపోతే కామ్‌ని కొయ్యడం కుదరదని వకుళ మొత్తుకుంది. దానికీ మార్గం ఉంది. 'మూత వేసి ఉన్నంత వరకు సదరు గేరు లేనట్లుగా భావించవలెను' అని సవరణ వచ్చింది.

ఇంతవరకూ వకుళ నవ్వుకుంటూనే ఉంది. ఎవరు ఏ కారణానికి మెచ్చుకుంటేనేం, తన కామ్ తయారవుతుంది, సన్యాసమ్మ పొయ్యి వెలుగుతుంది అనుకుంది. గొడవంతా విరామాల దగ్గర మొదలైంది.

వకుళ వంపులో ఉన్నది ఒక్క విరామమే, గరిటె నిండడానికి. భుజంగరావుగారు దాన్ని చూసి చిన్నబుచ్చుకున్నారు. "సాంకేతిక విభాగానికి విరామం ఇచ్చి ఆర్థిక విభాగానికి ఇవ్వకపోవడం వివక్ష" అన్నారు. చక్రంలో నాలుగో వంతు ఆయనకి పోయింది. పాలనా విభాగానికి అభ్యంతరాలు స్వీకరించడానికి కొంత కావాలన్నారు. సరే. ఆ అభ్యంతరాలని తోసిపుచ్చడానికి ఇంకొంత. అదీ సరే. గ్రంథాలయంవాళ్లకి ఎందుకో తెలియలేదు గానీ వాళ్లకీ ఇచ్చారు. ఉద్యోగుల సంఘం నాయకుడు టేబుల్ గుద్ది, కార్మికుల విరామం యాజమాన్యం భిక్ష కాదని చెప్పి, తన వాటా పట్టుకుపోయాడు. ఒక్కో వాటాకి ఒక్కో ఉబ్బు చదునైంది. చివరికి చక్రంలో సన్నటి ముక్క మిగిలింది. గరిటె లేవడం, ఒంపడం, దిగడం మూడూ ఆ ముక్కలోనే జరగాలి.

"ఇంత తక్కువ జాగాలో ఇంత ఎత్తు ఎక్కాలంటే చెయ్యి గోడెక్కినట్టు ఎక్కాలి సర్" అంది వకుళ. "పాకం ఎగిరి పైకప్పుకి తగుల్తుంది."

"పాకం ఎగురుతుందా?" భద్రతాధికారి తాతారావుగారు అప్పుడే నిద్ర లేచారు. "అయితే ఆ ముక్క ప్రమాదకరం. ప్రజల ప్రాణాలతో ఆడుకోలేం. అదీ విరామం చేసెయ్యండి."

అదీ చేసేశారు. చక్రమంతా విరామమే అయింది. చుట్టూ ఎక్కడ కొలిచినా నడిబొడ్డునుంచి ఒకటే దూరం. ఎంతో శ్రమపడి, ఆరు ఉపసంఘాలు కూర్చుని, సంస్థవారు గుండ్రటి బిళ్లని కనిపెట్టారు.

"సంపూర్ణ విరామం!" అన్నారు పరాంకుశంగారు. డ్రాయింగు మీద అందరూ సంతకాలు చేశారు.

చెక్కతో నమూనా చేసి ప్రదర్శన పెట్టారు. లబ్ధిదారుగా సన్యాసమ్మని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. స్విచ్చి వేశారు. మోటారు తిరిగింది, బిళ్ల తిరిగింది, చెయ్యి కదల్లేదు. కుదుపు లేదు, చిందడం లేదు, అరుగుదల లేదు. హాలంతా చప్పట్లు.

సన్యాసమ్మ చాలాసేపు ఓపిగ్గా చూసింది. "ఏటమ్మా ఇది? సక్రం తిరుగుతంది, సెయ్యి లెగదేటి?"

"లేవకపోవడమే దీని విశిష్టత" అని పరాంకుశంగారు వివరించారు. "గరిటె లేస్తే కదమ్మా ఒలికే ప్రమాదం?"

"బాబూ, గరిటి లెగకపోతే పాకం పెనంలోనే మాడిపోద్ది గదా!"

"అది తదుపరి దశలో పరిశీలిస్తాం."

సన్యాసమ్మ లేచి చెంగు దులుపుకుంది. వెళ్లేటప్పుడు వకుళ చెయ్యి పట్టుకుని, "నీ తప్పు నేదులే పాపా. సెరుకు కోతకొచ్చీసింది. ఆళ్లకి సెప్పీత్తాను, ఈ ఏడు పొయ్యి నేదని" అంది. కసిరినా బాగుండేది. ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా వకుళ గేటు దగ్గరే నిలబడి ఏడ్చింది. తర్వాత బాగా కోపం వచ్చింది.

ఆ కోపంలోనే వర్క్‌షాపుకి వెళ్లింది. అసలు చక్రం కోసం ఉక్కుబిళ్ల కోసి ఉంచారు. ఆమోదించిన వ్యాసం, ఆమోదించిన మందం, ఆమోదించిన గుండ్రదనం. ఇరుసు దూర్చడానికి నడుమ బెజ్జం వెయ్యడమే మిగిలింది. గుర్తు పెట్టడానికి వకుళ ఉలిమొన ఆనించి సుత్తితో కొట్టింది. కోపంగా కొట్టిన దెబ్బ కదా, మొన జారింది. గుర్తు నడిమధ్యలో కాకుండా రెండు బెత్తెలు పక్కకి పడింది.

వకుళ ఆ గుర్తుని చూస్తూ ఉండిపోయింది. బిళ్లకి నడుమ బెజ్జం వేస్తే చెయ్యి ఎప్పటికీ కదలదు. పక్కకి వేస్తే? అంచు ఒకవైపు ఇరుసుకి దగ్గరవుతుంది, రెండోవైపు దూరమవుతుంది. తిరుగుతున్నంతసేపూ చెయ్యి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పైనా కిందా కాస్త నెమ్మదిస్తుంది. గరిటె నిండడానికీ ఒంపడానికీ ఆ నెమ్మది చాలు. అంతేగానీ ఆగమన్నా ఆగదు. ఇంజినీరింగు మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం. వంపులు గియ్యడంలో పడి తనే మరిచిపోయింది. వకుళ ఒక్కతీ పకపకా నవ్వింది.

ఆమోదం పొందిన డ్రాయింగులో చక్రం అంచు ఉంది, లోహం ఉంది, పూత ఉంది. బెజ్జం ఎక్కడ వెయ్యాలో లేదు. బెజ్జం ఏ విభాగానికీ వాటాగా రాలేదు మరి.

అయినా అడగడం ధర్మం. తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్లింది. ఆయన జాతీయ పురస్కారానికి దరఖాస్తు రాసుకుంటున్నారు.

"సర్, బెజ్జం ఎక్కడ వెయ్యమంటారు?"

పరాంకుశంగారు కలం దించి, జాలిగా చూశారు. "వకుళగారూ, మనం ఇక్కడ సంపూర్ణ విరామ సిద్ధాంతాన్ని జాతికి అందిస్తున్నాం. మీరు వచ్చి బెజ్జం అంటారు! ఇటువంటి స్వల్ప విషయాలన్నీ నా దాకా తేవాలా?"

"ఒక్క మాట రాసి ఇచ్చేస్తే మళ్లీ మీకు శ్రమ ఇవ్వను సర్."

ఆయన ఉదారులు. 'బెజ్జం విషయమై సదరు ఇంజినీరు తన విచక్షణను వినియోగించుకొనవచ్చును' అని రాసి, కింద గీత కూడా గీశారు. సదరు ఇంజినీరు తన విచక్షణని రెండు బెత్తెలు పక్కగా వినియోగించుకుంది. వెంటనే సన్యాసమ్మకి ఫోను చేసి, పొయ్యికి కర్రలు సిద్ధం చేసుకోమంది.

ప్రారంభోత్సవం సన్యాసమ్మ ఊళ్లోనే, పాక ముందు. షామియానా వేశారు. 'సంపూర్ణ విరామ బాహువు - జాతికి అంకితం' అని బ్యానరు కట్టారు. రాజధానినుంచి ఒక ఉన్నతాధికారి వచ్చారు. పెనంలో పాకం బంగారు రంగు తిరిగి ఉడుకుతోంది. కదలని చెయ్యి గొప్పదనం గురించి పరాంకుశంగారు పాకం చిక్కబడేదాకా మాట్లాడారు. సన్యాసమ్మ లేచి, "బాబూ, పాకం ముదిరిపోతంది!" అని కేకేస్తే తప్ప ఆపలేదు.

ఉన్నతాధికారి మీట నొక్కారు. చెయ్యి వంగింది. గరిటె పాకంలో మునిగింది, నిండింది, కుదుపు లేకుండా లేచింది. పైన అడ్డకర్రకి తగిలి ఒరిగి, పాకాన్ని సన్నటి ధారగా తొట్టిలోకి ఒంపింది. మళ్లీ వంగింది. ఒక్క చుక్క నేలమీద పడలేదు.

"ఓలమ్మో! ఎంత బాగా ఒంపతందే!" సన్యాసమ్మ పెనానికి దూరంగా వచ్చి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. తను పని చెయ్యకుండా పని జరగడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. వకుళకి ఒళ్లంతా సంతోషం పొంగింది. ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించింది.

పరాంకుశంగారి ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. ఉన్నతాధికారి ఆయనవైపు తిరిగారు. "విరామ బాహువు అన్నారు. ఎక్కడా ఆగడం లేదేం?"

డైరెక్టరు ఊరికే అవరు. పరాంకుశంగారు తడుముకోకుండా, "విరామం ఉందండీ. అయితే అంతర్లీనంగా ఉంది. పైకి కనపడదు" అన్నారు.

ఉన్నతాధికారి నిట్టూర్చారు. "మా శాఖలో దీనికి వ్యతిరేకమండీ. విరామం పైకి కనపడుతుంది. పనే అంతర్లీనంగా ఉంటుంది." పురస్కారానికి తను గట్టిగా సిఫారసు చేస్తానన్నారు.

పురస్కారం వచ్చింది. దాంతోపాటు వకుళకి సంజాయిషీ నోటీసూ వచ్చింది, ఆమోదిత విరామానికి విరుద్ధంగా బాహువు ఎందుకు కదిలిందో తెలుపవలసిందని. చక్రం అక్షరాలా ఆమోదించినదేననీ, బెజ్జం డైరెక్టరుగారి ఉత్తర్వు ప్రకారమేననీ ఆమె జవాబు రాసింది. ఇంక చేసేదేముంది, బెజ్జం మీద కమిటీ వేశారు.

కమిటీ క్షుణ్ణంగా చర్చించింది. బెజ్జం నడుమ వేస్తే లబ్ధిదారులు గొణుగుతున్నారు. పక్కన వేస్తే బాహువు ఆగడం లేదు. బెజ్జంలోంచి రాలిన ఉక్కుపొడి లెక్క ఎవరు చెబుతారని భుజంగరావుగారు అడిగారు. అందులో వేలు ఇరుక్కుంటే బాధ్యత ఎవరిదని తాతారావుగారు అడిగారు. చివరికి ఏకగ్రీవంగా, బెజ్జమే లేని చక్రాన్ని సంస్థ ప్రామాణిక నమూనాగా ఆమోదించారు.

"దీనికి మోటారు కూడా అక్కర్లేదు" అన్నారు పరాంకుశంగారు పరవశంగా. "సిద్ధాంతానికి ఇదీ పరాకాష్ఠ."

అప్పటినుంచి సంస్థకి ఎవరు వచ్చినా శాలువా కప్పి, ఆ చక్రాన్ని జ్ఞాపికగా ఇవ్వడం ఆనవాయితీ అయింది. అదే ఉక్కు, అదే వ్యాసం, అదే మందం, పైన తళతళలాడే పూత. సిద్ధాంతం విషయంలో పరాంకుశంగారు రాజీపడరు కనక కొలతలో వెంట్రుకవాసి తేడా కూడా రానిచ్చేవారు కాదు.

ఒకరోజు సన్యాసమ్మ ఇద్దరు ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చింది. "మా ఆడపడుసు ఊరోల్లమ్మా. ఆళ్లకీ సెయ్యి గావాలంట. మోటారు ఆల్లే కొనుక్కుంతారు. ఇనప పని ఊళ్లో ఎల్డింగోడు సేత్తాడు. ఆ బిల్లొక్కటే ఎవుడూ సెయ్యలేకపోతన్నాడు."

"బెజ్జం ఉన్న చక్రం గేటు దాటకూడదని ఆర్డరు పెద్దమ్మా" అంది వకుళ దిగులుగా.

సంస్థకి పురస్కారం తెచ్చిన బాహువుని చేసినందుకు ఆ మధ్యాహ్నమే వకుళకి సన్మానం. శాలువా కప్పారు. చేతిలో బిళ్ల పెట్టారు. చల్లగా, బరువుగా, నిక్కచ్చిగా గుండ్రంగా ఉంది. బెజ్జం లేదు. వేదికమీద అంత తృప్తిగా నవ్విన సన్మానగ్రహీతని తను ఇంతవరకు చూడలేదని భుజంగరావుగారు అందరికీ చెప్పుకున్నారు. సాయంత్రానికి ఆ బిళ్ల గేటు దాటింది. ఊళ్లో వెల్డింగు షాపులో రెండు బెత్తెలు పక్కగా బెజ్జం వేయించుకుంది. వారం తిరక్కుండా ఆడపడుచు ఊళ్లో గరిటె లేచింది.

ఆ తర్వాత వకుళ పాత సన్మానగ్రహీతల ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరూ కాదనలేదు. "ఎక్కడ పెట్టాలో తెలీక పాలగిన్నె మీద మూత పెడుతున్నామమ్మా, తీసుకుపో" అని ఒక ఇంట్లో కాఫీ ఇచ్చి మరీ అప్పగించారు. అవి అయిపోయాయి. అడిగే ఊళ్లు మాత్రం పెరుగుతున్నాయి. చెరుకు మళ్లీ ఏపుగా ఎదుగుతోంది.

వకుళ ఆలోచించి, డైరెక్టరుగారి గది తలుపు తట్టింది.

"సర్, మన సంస్థలో ఈమధ్య సన్మానాలు బాగా తగ్గిపోయాయని అందరూ బాధపడుతున్నారు."

పరాంకుశంగారు చలించిపోయారు. "నిజమే వకుళగారూ. నాకూ అనిపిస్తోంది. పైకి చెప్పేవాళ్లే లేరు. ఎన్ని చేద్దామంటారు?"

"పద్నాలుగు ఊ..." అని నాలిక కరుచుకుంది వకుళ. "పద్నాలుగు చేద్దాం సర్. చెరుకు కోతలోగా."

చెరుకుకీ సన్మానానికీ సంబంధమేమిటని ఆయన అడగలేదు. ఆ పూటే సన్మానాల కమిటీ వేశారు. సంస్థ పుట్టాక ఒక కమిటీ గడువుకి ముందే పని పూర్తి చెయ్యడం అదే మొదటిసారి. ఆ ఏడు పద్నాలుగు ఊళ్లలోనూ పొయ్యిలు వెలిగాయి.